టీసీ గారి మామిడి తనిఖీ

టీసీ గారు మామిడి మొక్కను అడిగినవాళ్ళకల్లా ఊరికే ఇచ్చేస్తారు. ఇచ్చాక మాత్రం దాన్ని చచ్చినా వదలరు. ముప్ఫై నాలుగేళ్ళు రైళ్ళలో టికెట్లు చూసిన మనిషి. ఉద్యోగం దిగినా తనిఖీ బుద్ధి దిగలేదు. పెరట్లో స్వయంగా అంటుకట్టిన మొక్కలు పేటంతా పంచి, ప్రతి ఆదివారం ఉదయం ఏడింటికల్లా జేబులో చిన్న కత్తెరతో బయలుదేరతారు. తలుపు కొట్టడాలూ, పలకరింపులూ ఉండవు. సరాసరి పెరట్లోకే.

ఆయన కోడలు పళ్ళ డాక్టరు. “మా ఇంట్లో ఇద్దరిదీ పళ్ళ వ్యవహారమే. మా కోడలి దగ్గర ఉన్నవి ఊడతాయి, నా దగ్గర లేనివి కాస్తాయి” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతారాయన. ఆరేళ్ళుగా వింటున్న కోడలు ఆ మాటకు ఇప్పుడు నవ్వను కూడా నవ్వదు.

ఒక ఆదివారం దర్జీ నోట్లో బ్రష్షుతోనే దొరికిపోయాడు.

“నీళ్ళెక్కడ పోస్తున్నావు?”

“మొదట్లోనే కదండీ!”

“అక్కడే చచ్చింది. నీకు దాహమేస్తే నోట్లో పోసుకుంటావా, చెవిలోనా? మొక్క నోరు మొదట్లో ఉండదయ్యా, చుట్టూ ఉంటుంది. జానెడు దూరంలో గాడి తియ్యి.”

ఆ దర్జీ అప్పటికప్పుడు నురగ కక్కుకుంటూ గాడి తీశాడు.

డ్రాయింగు టీచరు పరిస్థితి ఇంకా ఘోరం. రెండేళ్ళ మొక్క గుత్తులు గుత్తులుగా పూసిందని మురిసిపోయి, బొమ్మ వేద్దామని రంగులు కలుపుకుంటోంది. టీసీ గారు వచ్చి చూశారు. కత్తెర తీశారు. ఆవిడ కుంచె తడుపుకునేలోపు పూతంతా నేలమీద పడింది.

“ఇదేం అన్యాయమండీ!” ఆవిడ కిందపడ్డ గుత్తులు ఏరుకోసాగింది.

“రెండో తరగతి పిల్ల చేత బస్తాలు మోయిస్తావా అమ్మా? ఇంకో రెండేళ్ళు కొమ్మలు గట్టిపడనీ. అప్పుడు నీ పెరట్లో చోటు చాలదు.”

ఫిర్యాదులన్నీ కోడలి ఆస్పత్రికే చేరేవి. “డాక్టరమ్మా, మీ మావయ్యని ఒక్క ఆదివారం ఆపండి. కావాలంటే మత్తుమందు లేకుండానే పీకించుకుంటాను” అని కుర్చీలో నోరు తెరుచుకునే మొరపెట్టుకున్నాడు బేకరీ యజమాని.

కోడలు ఆ సాయంత్రమే తేల్చేద్దామనుకుంది. “మావయ్యా, ఇచ్చేశాక మొక్క వాళ్ళది. వదిలెయ్యండి.”

“నువ్వు కట్టుడు పన్ను పెట్టి, మళ్ళీ రమ్మనవూ?”

“వాళ్ళే నా దగ్గరికొస్తారు. నేను ఇంటింటికీ వెళ్ళి నోరు తెరవమనను.”

“మొక్కకి కాళ్ళు లేవు మరి!”



ఇలా ఉండగా ఒక శనివారం, అంటు కింద మొలిచిన పిచ్చి చిగుళ్ళు గిల్లబోయి, టీసీ గారు తడిమట్టిలో జారి కాలు బెణికించుకున్నారు. పేటంతా వచ్చి పరామర్శించింది, లోలోపల హమ్మయ్య అనుకుంది. మర్నాడు పొద్దున్నుంచీ ఆయన మంచం మీద ఒకటే సతమతం.

“అమ్మాయ్, మిగతావాళ్ళ సంగతి తర్వాత. చివరి వీధిలో వాచీలు బాగుచేసే ఆయన ఇంటికి మాత్రం నువ్వు వెళ్ళాలి. తొమ్మిదిన్నరకల్లా ఉండాలి.”

“ఆలస్యమైతే మొక్క ఊరుకోదా?”

“ఊరుకోదు. వెళ్ళి, వేలితో మట్టి తడి చూడు. సరిపోయిందను. ఏం కనబడినా నవ్వకు. టీ ఇస్తాడు, తాగు. గంటకి తక్కువ కూర్చోకు.”

ఉన్న ఒక్క సెలవూ మొక్కల పాలైందని గొణుక్కుంటూ వెళ్ళింది కోడలు. వాచీల ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పెరట్లో రెండు కుర్చీలు, రెండు కప్పులు సిద్ధంగా ఉన్నాయి. వాటి ఎదురుగా, చక్కగా తీసిన గాడిలో నీళ్ళు మెరుస్తున్నాయి. గాడి మధ్యలో రెండు ఎండు పుల్లలు. అందులో మొక్క ఏదో, దానికి ఊతంగా పాతిన కర్ర ఏదో ఆవిడకు ఎంతకీ అంతుపట్టలేదు.

“ఎలా ఉందమ్మా?” అన్నాడాయన.

ఎన్నో చచ్చిన పళ్ళను చూసిన మనిషి. ఆవిడకు తెలియనిదేముంది? అయినా వేలితో మట్టి చూసి, “తడి సరిపోయిందండీ” అంది.

ఆయన గొంతు తగ్గించాడు. “నీకు అబద్ధం చెప్పలేను తల్లీ. అది ఎండిపోయి ఎనిమిది నెలలైంది. మా ఆవిడ చనిపోయిన ఎండాకాలంలో నీళ్ళ ధ్యాసే లేదు నాకు. పాపం మీ మావయ్యకి చూపు ఆనడం లేదనుకుంటా, కనిపెట్టలేదు. ఆయనకి చెప్పకేం? తెలిస్తే బాధపడతాడు. పైగా... రావడం మానేస్తాడేమో.”

కోడలు గంటంపావు కూర్చుంది. ఇంటికి రాగానే టీసీ గారు అటూ ఇటూ చూసి అడిగారు. “నవ్వలేదుగా?”

“అది ఎండిపోయిందని మీకు ముందే తెలుసా?”

“ఆకు వెనక దాక్కున్న పురుగునే పదడుగుల దూరంలో పట్టేవాణ్ణి, పుల్లని గుర్తుపట్టలేనా? మొదటి వారమే చూశాను. కానీ ఆ మనిషి నా కోసం గడ్డం గీసుకుని, దానికి నీళ్ళు పోసి కూర్చున్నాడే! చచ్చిందని ఎలా చెప్పను? ఆయనకి చూపు మందం పాపం, ఇంకా బతికుందనే అనుకుంటున్నాడు.”

“కొత్తది ఇవ్వొచ్చుగా?”

“ఇస్తే పాతది పోయిందని చెప్పినట్టేగా!”

కోడలు ఆ వారమంతా ఆలోచించింది. ఆదివారం కుంటుకుంటూ బయలుదేరిన మావగారి వెంట తనూ నడిచింది, చేతిలో ఒక కొత్త అంటుమొక్కతో. పెరట్లో ఇద్దరి ఎదుటా నిలబడి, పళ్ళ డాక్టరు హోదాలో ఖండితంగా చెప్పింది. “మామిడికి పక్కన తోడుండాలట. ఒంటరిగా ఉంటే చిగురించదట.”

“నేనూ అదే చెబుదామనుకుంటున్నాను” అన్నారు టీసీ గారు.

“నాకూ అదే అనుమానం” అన్నాడు వాచీల ఆయన.

నెల తిరిగేసరికి కొత్త మొక్క రాగిరంగు చిగుళ్ళు వేసింది. ఇద్దరూ కుర్చీలు దగ్గరకు జరుపుకుని తదేకంగా చూశారు. తర్జనభర్జనలు పడ్డారు. చివరికి, ఇదంతా పక్కనున్న పాతదాని చలవేననీ, కాబట్టి దానికి ఇకనుంచి రోజూ ఇంకో చెంబెడు నీళ్ళు ఎక్కువ పొయ్యాలనీ ఏకగ్రీవంగా తీర్మానించారు.