ఉత్తరానికి తిప్పిన ముఖం

ముందు రూఢిగా తెలిసినవి చెబుతాను. నెల్లూరులో మా వీధిలో రవికెలు కుట్టి బతికే ఒక ముస్లిం స్త్రీ ఉండేది. ఆమె భర్త మద్రాసు రేవులో ఓడ ఎక్కి, బాయిలరుకు బొగ్గు వేసే పనిలో చేరి, తిరిగి రాలేదు. కంపెనీ పంపిన ఇంగ్లీషు కాగితంలో అతను ‘ప్రస్తుతం ఓడలో లేడు’ అని మాత్రమే ఉంది. ఆ కాగితం నేనే చదివాను.

ఇక విన్నవి రెండు. ఏదో పరాయి రేవులో దిగిపోయి వేరే సంసారం పెట్టాడని వీధి అనేది. ఆఫ్రికా దాటి దక్షిణ ధ్రువం వైపు సముద్రంలో జ్వరంతో చనిపోయాడని, ఓడ మరమ్మతుకు ఆగిన ఒక నిర్మానుష్యమైన చిన్న దీవిలో పూడ్చామని అదే ఓడలో పనిచేసి వచ్చిన ముసలాయన అనేవాడు. అరవైల మొదట్లో ఆయన మా వీధి చివర స్టవ్వులు బాగుచేస్తూ ఉండేవాడు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. ఎవరు ఏం చెప్పినా, ఎలా తెలుసని అడగడం నాకు అలవాటు. అందుకే కాబోలు, ఒకనాడు ఆమె నన్ను వాకిట్లో ఆపింది.

“సారూ, ఆ దీవి నిజంగా ఉండాదా? నేను మొగుడు పోయినదాన్నా, మొగుడు వదిలేసినదాన్నా? తొమ్మిదేళ్ళయింది. అదొక్కటి తేల్చండి.”

ముసలాయన మాటను వీధి నమ్మేది కాదు. టీ అంగట్లో ఆయన కనబడితే చాలు, “మంచు కథ చెప్పు మామా, ఎండకి చల్లగా ఉంటది” అనేవారు. ఆయన తల వంచుకుని చేతిలోని స్టవ్వు రంధ్రంలో పిన్ను గుచ్చుతూ ఉండేవాడు.

నేను నోటుపుస్తకం తీసుకుని వెళ్ళాను. దీవి ఎంత పెద్దదని అడిగాను.

“పెన్నా దాటి కోవూరు చేరేలోగా అయిపోతది సారూ. అంతా నల్లరాయి, పైన మంచుగడ్డ. దిగేదానికి నల్లిసక మేట ఒక్కటే. చెట్టనేది లేదు, రాళ్ళకి పాచి. పడమటి గాలి ఒక్క గడియ ఆగదు.”

“చలి?”

“మీరనుకున్నంత లేదు. తడి. కాసేపు తుంపర, కాసేపు మంచు. ఉన్నన్నాళ్ళూ గుడ్డ ఆరలేదు.”

ధ్రువప్రాంతమంటే ఎముకలు కొరికే చలి ఉండాలి కదా అని, ఆ మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. తర్వాత లైబ్రరీలో ఒక భూగోళ గ్రంథం చూస్తే, చుట్టూ ఉన్న సముద్రం అలాంటి దీవులను వేసవిలో వేడెక్కనివ్వదు, శీతకాలంలో మరీ గడ్డకట్టనివ్వదు అని ఉంది. కల్పించి చెప్పేవాడైతే చలిని పెంచి చెప్పేవాడు. ప్రశ్నార్థకం కొట్టేశాను.

మిగిలింది ఒక్కటే. నేల తవ్వుడు పడక రాళ్ళు పేర్చామని, ముఖం ఉత్తరానికి తిప్పి పడుకోబెట్టామని ఆయన చెప్పాడు. వీధి ఆయన్ను పట్టుకున్నది అక్కడే. నెల్లూరులో నమాజు పడమటికి తిరిగి చేస్తారు, గోరీలో ముఖమూ అటే తిప్పుతారు. “మక్కా పడమర గదా. ఉత్తరానికి పెట్టినామంటా ఉండాడు, ముసలోడు ఆడే దొరికినాడు” అనేవారు. నేనూ ఆ మాట పక్కన అడ్డగీత గీశాను. ఆ గీతకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఒకరోజు తరగతిలో గ్లోబు తిప్పుతుంటే నా వేలు ఆఫ్రికా దక్షిణపు కొస కింద, నీళ్ళ మీద ఆగింది. అక్కడి నుంచి చూస్తే మక్కా పడమర కాదు, పైన ఉంది.

ఆ సాయంత్రమే హెడ్మాస్టరుగారిని అడిగి గ్లోబును రిక్షాలో తెచ్చాను. ఆమె అరుగు మీద పెట్టి, ముసలాయన్ను పిలిపించి, ఆమె మిషను మీది దారపుండ అడిగాను. మొదట దారాన్ని నెల్లూరు నుంచి మక్కాకు బిగించాను. అది ఇంచుమించు పడమటికే పోయింది. తర్వాత ఒక కొస దక్షిణ సముద్రంలో నా వేలి కింద పెట్టి, రెండోది ఆమె చేతికిచ్చాను. ఆమె మక్కా మీద పట్టుకుంది. దారం ఆఫ్రికా అంచు వెంట పైకి నిలబడింది.

“ఉత్తరమని మీకెవరు చెప్పారు?” అని ముసలాయన్ను అడిగాను.

“మా సారంగు, ఓడ పనోళ్ళ మేస్త్రి. ఓడ దొర దగ్గర దిక్సూచి చూపించుకుని వచ్చినాడు. ఆయన చెప్పినాడు, నేను తిప్పినా.” దారం వెంట వేలు పోనిచ్చాడు. “ఊళ్ళో అందరూ తప్పంటే, పాపం చేసినానేమో అనుకున్నా సారూ. అయితే సరిగ్గానే పడుకోబెట్టినాం.”

ఆమె దారం వదలలేదు. “మామా, ఇన్నేళ్ళు నిన్ను నేనూ నమ్మలేదు” అంది.

“నన్ను నేనే నమ్మలా, నువ్వేం నమ్ముతావు తల్లీ.”

దారం మరణాన్ని రుజువు చేయదని నేను చెప్పవలసి వచ్చింది, చెప్పాను. ఊళ్ళో కూర్చుని అల్లే అబద్ధమైతే పడమరే అనేవారు. అంతవరకే నాకు తెలుసునన్నాను. ఆమె అది చాలంది. మరునాడు ఇద్దత్ కూర్చుంది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయిందని పెద్దలు చెప్పినా వినకుండా, భర్త పోయిన ఆడవాళ్ళు గడప దాటని ఆ నాలుగు నెలల పది రోజులూ పూర్తి చేసింది. ఆ తర్వాత వీధిలో ఆమెను వదిలేసినోడి పెళ్ళామని ఎవరూ అనగా నేను వినలేదు.

అది ఏ దీవో మాత్రం నాకు తేలలేదు. ఆయన వర్ణనకు సరిపోయే చుక్కలు పటంలో నాలుగైదు ఉన్నాయి. బొగ్గు వేసేవాళ్ళకు దీవి పేరు ఎవరూ చెప్పలేదు. ఓడ దినచర్య పుస్తకం కోసం నేను రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ముఖం నేరుగా ఉత్తరానికా, కాస్త తూర్పుకో పడమటికో ఒరిగిందా తెలిస్తే ఆ చుక్కల్లో కొన్నిటినైనా తీసేయవచ్చు. అదీ అడిగాను. సారంగు చెయ్యి చూపిన వైపుకే తిప్పానని, అక్కడున్న అన్ని రోజులూ మబ్బు విడలేదని, సూర్యుణ్ణి ఒక్కసారి కూడా చూడలేదని చెప్పాడు.