కిందనుంచి కురిసే వాన

సింగపూర్‌లో, యూ టీ రైలు స్టేషన్ పక్క బ్లాకులో, సూరమ్మ ఇంట్లో అందరికన్నా దర్జాగా బతికేది ఒక చేప. బంగారు రంగు, బానపొట్ట, ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టు తెరిచిన నోరు. పేరు టౌకే. అక్కడ కొట్టు యజమానిని అలా పిలుస్తారు. ఆ పొట్ట చూసి ఆ పేరు పెట్టింది సూరమ్మ భర్త దానయ్య. హార్బరులో పనిచేసి రిటైరైన మనిషి. పొద్దున లేచి పెళ్ళాన్ని పలకరించకముందే చేపను పలకరించేవాడు, "ఏం టౌకే, యాపారం ఎలా ఉంది?" అని. కిందటి వానల్లో ఆయన పోయాడు. చేప మిగిలింది.

ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గాజు తొట్టి వైపు సూరమ్మ కన్నెత్తి చూసింది లేదు. ఇప్పుడది ఆమె చేతికొచ్చింది. సూరమ్మ చేతికి ఏదొచ్చినా ఒకటే పద్ధతి, కొసరి కొసరి వడ్డించడం. ఆమె వడ్డనకు జడిసి చుట్టాలు ఆఖరి రైలు వెళ్ళిపోతుందని పట్టపగలే అబద్ధాలాడేవారు. చాలు చాలంటూ ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెడితే, వేళ్ళ సందుల్లోంచి వేసేది.

తొట్టికీ అదే మర్యాద జరిగింది. దానయ్య నీళ్ళు అంచుకు బెత్తెడు కిందికే పోసేవాడు. వెలితిగా ఉన్న పాత్రను చూస్తే సూరమ్మ ప్రాణం ఒప్పదు, అంచుదాకా నింపేసింది. తొట్టి మూలన ఒక స్పాంజి ఉంది. బయటున్న చిన్న మోటారు సన్నటి గొట్టంలోంచి గాలి ఊదుతుంటే, బుడగలు పైకి లేస్తూ నీళ్ళను ఆ స్పాంజిలోంచి లాగుతాయి, మురికి అందులో ఆగిపోతుంది. గొట్టం మధ్యలో ఒక బుల్లి ఆకుపచ్చ కుళాయి. దానయ్య దాన్ని సగానికి పైగా కట్టేసి ఉంచేవాడు. సూరమ్మ పూర్తిగా తిప్పేసింది. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఆయన గాలి కోసం పడిన యాతన ఆమె పక్కనే కూర్చుని చూసింది. ఈ ఇంట్లో ఇక ఎవరికీ గాలి తక్కువ కాకూడదు.

టౌకేకి గాలి తక్కువ కాలేదు. కాకపోతే బుడగలు గుంపులుగా వచ్చి టపటపా పగిలి, తుంపరలన్నీ తొట్టి మీద బిగించిన లైటుకు తగిలాయి. లైటు చిటపటమంది, ఇల్లంతా కరెంటు పోయింది. కొడుకు వివేక్ ఇంట్లోనే కూర్చుని ఆఫీసు మీటింగులో మాట్లాడుతున్నాడు, మాట మధ్యలో మాయమైపోయాడు. కొత్త లైటు తెచ్చి పెట్టాడు. అదీ చిటపటమంది. మళ్ళీ మీటింగే, మళ్ళీ మాయమే.

"అమ్మా, ఇంకొక్కసారి ఇట్లా అయిందనుకో, తొట్టి తీసేస్తా. టౌకేని కింద చేపల షాపు అంకుల్‌కి ఇచ్చేస్తా. కరెంటూ నీళ్ళూ ఆటలా? నీకేమన్నా అయితే?"

సూరమ్మ మాటలు తక్కువ మనిషి. వంటింట్లోకెళ్ళి అట్లకాడ తెచ్చింది. పాలు పొంగకుండా గిన్నె మీద అడ్డం పెట్టేది అదే కదా. బుడగల మీద అడ్డం పెట్టింది. పాలకున్న భయం బుడగలకు లేకపోయింది.

తర్వాత ఇడ్లీ రేకు బోర్లించింది. దానికి చిల్లులుంటాయన్న సంగతి, జన్మంతా ఇడ్లీలు పెట్టిన మనిషికి ఆ క్షణాన గుర్తు రాలేదు. ఒక్కో చిల్లులోంచి ఒక్కో ధార లేచింది.

పక్కింటి అరుణమ్మ కాఫీకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏం వదినా, చేపను ఆవిరి మీద ఉడకబెడుతున్నావా?"

"మెల్లిగా అరుణా, వాడు వింటాడు," అంది సూరమ్మ, తొట్టి వైపు చూస్తూ.

"మూత పెట్టరాదూ?"

"మూతేస్తే గాలెట్లా ఆడుద్ది?"

ఆ మర్నాడు లైటు పువ్వుల టోపీ పెట్టుకుని కనబడింది.

"మామ్మా! దట్స్ మై షవర్ క్యాప్ లా!" అని మనవరాలు సరయు సింగపూర్ యాసలో గోల పెట్టింది. టోపీ లోపల చెమ్మ పట్టి నీళ్ళు కారుతుంటే, పరిగెత్తి ప్లగ్గు పీకింది కూడా ఆ పిల్లే. సూరమ్మ ఈసారి గొడుగు తెరిచింది.

"మామ్మా, గొడుగు పైనుంచొచ్చే వానకి. దిస్ వన్ కిందనుంచి కమింగ్ లా."

"అయితే కిందనుంచే పట్టు."

"హౌ టు?"

"మరెందుకే నిన్ను చదివిస్తున్నాం?"

ఆ మధ్యాహ్నం వివేక్‌కు పెద్ద మీటింగు. పైన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కింద నిక్కరు. గబగబా నాలుగు ముద్దలు తినడానికి కూర్చున్నాడు. సూరమ్మ గిన్నెలో చారు పోసింది. నిండింది. ఇంకా పోసింది.

"చాలమ్మా, చాలు, చాలూ!" అని చేతులు అడ్డం పెట్టాడు. చారు అరచేతికి తగిలి ఎగిరి, తెల్ల చొక్కా మీద కరివేపాకుతో సహా వాలింది.

"నిండిపోయిన గిన్నెలో అంత జోరుగా పోస్తే చిందదా అమ్మా?"

సూరమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కొడుకు చొక్కా చూసింది. తొట్టి చూసింది. అక్కడా నిండిపోయిన పాత్రే, అక్కడా ఆగని జోరే. చాలని అడ్డం పెట్టడానికి పాపం టౌకేకి చేతుల్లేవు, అంతే తేడా.

సరయు చేత లైటు ప్లగ్గు తీయించి, చెంబుతో నీళ్ళు తోడి తులసి కుండీలో పోసింది. బెత్తెడు వెలితి కనబడేదాకా తోడింది. ఇక మిగిలింది ఆకుపచ్చ కుళాయి. దాని మీద వేలు వేసిందే గాని తిప్పలేకపోయింది.

"టౌకే, కొంచెం తగ్గిస్తున్నానయ్యా. ఊపిరాడకపోతే చెప్పు."

టౌకే నోరు తెరిచింది. అది ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి అభ్యంతరం కింద లెక్క కాదు. సూరమ్మ కళ్ళు మూసుకుని తిప్పింది. బుసబుసమంటున్నది కాస్తా బుడుక్... బుడుక్... అని నెమ్మదించింది. ఆయన ఉన్నప్పుడు వంటింట్లోకి వినబడే చప్పుడు అదే.

అన్నం సంగతి మరిచి, స్టూలు వేసుకుని కూర్చుంది. చేప నీటి పైకొచ్చి గాలి కోసం ఎగపడుతుందేమోనని రెప్ప వెయ్యకుండా చూసింది. ఎగపడలేదు. ఇన్నాళ్ళూ ఆ జోరుకు ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టుకుపోతున్న టౌకే, ఒకచోట కుదురుగా నిలబడి, తోక ఆడిస్తూ గాజు దగ్గరికొచ్చింది.

సూరమ్మ పైట చెంగుతో గాజు తుడిచింది. తర్వాత ముక్కు తుడుచుకుంది.

"ఏం టౌకే, యాపారం ఎలా ఉంది?" అంది.

సరయు లైటు పెట్టింది. సాయంత్రందాకా వెలిగింది. మీటింగు ముగించి వచ్చిన వివేక్ లైటు కింద చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. కాసేపు నిలబడి బుడగలు చూశాడు. "సరే, ఉండనీ," అన్నాడు.

రాత్రి, మీటింగుకని మార్చుకున్న ఇంకో తెల్ల చొక్కాతోనే వివేక్ భోజనానికి కూర్చుంటే, సూరమ్మ అతనికి ఒక్క గరిటె పప్పు వేసింది. వివేక్ అలవాటుగా రెండు చేతులూ కంచానికి అడ్డం పెట్టాడు. ఏమీ పడలేదు. తలెత్తి చూశాడు. గరిటె తిరిగి గిన్నెలోకి వెళ్ళిపోయింది.

"అమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

"చాలన్నట్టు చేతులు పెట్టావుగా."

వివేక్ కంచం వైపు చూసుకున్నాడు. సరయు వైపు చూశాడు. గొంతు తగ్గించి, "ఇంకొంచెం వెయ్యమ్మా," అన్నాడు.

సూరమ్మ గరిటె నిండా తీసి పట్టుకుంది.

"ముందెళ్ళి ఆ చొక్కా మార్చుకుని రా."