దొర కారు సైలెన్సర్

నిన్న జనగామలో ఒక వెల్డింగు దుకాణం ముందు రెండు గంటలు కూర్చోవలసి వచ్చింది. రోజూ నౌకరీకి పోయివచ్చే కారు ఇంకా జోరుగా ఉరకాలని మా మనుమడి ఆశ. కంపెనీ సైలెన్సర్ కొనే తాహతు లేక పాత ఇనుప సామాన్లలో దొరికిన వెడల్పు గొట్టాన్ని అతికించుకుంటున్నాడు. తుప్పు, మసి, కాలిన ఇనుము కలిసిన ఆ వాసన తగలగానే, తొంభైకి దగ్గరపడ్డ నాకు చిన్ననాటి షెడ్డు గుర్తొచ్చింది.

మా నాయిన మోటరు మిస్త్రీ. జనగామ రైలు స్టేషన్ వెనుక రేకుల షెడ్డు. రైలు బొగ్గు పొగ, పొయ్యి మీద అవ్వ, అంటే మా అమ్మ, కాల్చే జొన్నరొట్టెల కమ్మదనం, దీపాల గ్యాసునూనె ఘాటు కలిసిపోయిన ఆ షెడ్డులోనే నేను పెరిగాను. ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు నాయిన.

బతుకమ్మ పండుగకు దేవరుప్పుల అవతల మేనత్త ఊరికి పోయేదాన్ని. బెల్లంతో దంచిన నువ్వుల సద్ది, పల్లీల సద్ది ఒడిలో పోసుకొని వాకిట్లో కచ్చకాయలు ఆడుతుంటే, గుట్ట అవతల నుంచి దొర కారు ఉరిమేది. రాళ్ళ బాటలో సైలెన్సర్ పగిలిన ఆ పెద్ద మోటరు చప్పుడు రెండు ఊళ్ళ దూరం వినిపించేది. "మోటరొస్తాంది!" అని ముందుగా ఎవరు అరిస్తే వాళ్ళే మాలో గెలిచినట్టు. పెద్దవాళ్ళకు అది ఆట కాదని అప్పుడు తెలియదు. దొరకు వెట్టి మానేసి రైతుల సంగంలో కలిసిన మగవాళ్ళు, మా మామతో సహా, ఆ కేకతో జొన్నచేలల్లోకి మాయమయ్యేవారు.

సంగతి దొరకు అర్థమైంది. ఒకనాడు కారు మా షెడ్డు ముందు ఆగింది.

"సప్పుడు రావద్దు, ఉరుకుడు తగ్గద్దు. పట్నంల సామాను దొర్కుత లేదు. ఉన్నదాంతోనే చెయ్యి" అన్నాడు దొర.

"నీ బాంచెన్ దొరా" అన్నాడు నాయిన.

నాలుగు రోజులు కష్టపడ్డాడు. మూలపడ్డ లారీ గొట్టం కోసి, గ్యాసునూనె డబ్బాల రేకులకు చిల్లులు పొడిచి, చుట్టలు చుట్టి లోపల అమర్చాడు. ఆ రేకులు పట్టుకున్నది నేనే. ఇంజను స్టార్టు చేస్తే, చూరులో పిచుకల అరుపు కూడా వినిపించేంత మెత్తగా నడిచింది. నాయిన ముఖం వెలిగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను.

వారం తిరగకముందే ఎడ్లబండి మీద మామను పడుకోబెట్టుకొని మేనత్త వచ్చింది. రెండు చేతులూ విరిగి మామ మూలుగుతున్నాడు.

"మోటరు సప్పుడే రాలే తమ్మీ. కల్లంల వడ్లు తూర్పార పడుతుంటె వచ్చి, పసులను కొట్టినట్టు కొట్టిన్రు. గా మోటరును గట్ల చేసినోని చేతులు పడిపోను!"

అవ్వ తలవంచుకుంది. నాయిన ఎడ్లబండి దగ్గరకు నడిచాడు.

"నేనే అక్కా."

మేనత్త అవ్వ ఇచ్చిన నీళ్ళ చెంబు ముట్టలేదు. మామను దవాఖానలో చూపించుకొని, మా గడప తొక్కకుండానే వెళ్ళిపోయింది.

అతుకు వదులైందని కారు మళ్ళీ వచ్చినప్పుడు, నాయిన రేకుచుట్టలు ఊడదీసి, తడిమట్టి అద్దిన గోనెపట్టాలు కుక్కాడు.

"గిట్ల పెడితె కాలిపోదా నాయినా?"

"కాలిపోవాలె బిడ్డా."

షెడ్డు నుంచి మెత్తగా పోయిన కారు మూడోనాటికి మళ్ళీ ఉరిమింది. దొర మనుషులు వచ్చారు. "లారీ గొట్టం అయ్యా, గింతకన్న ఆగది" అని నాయిన ఒకటే మాట మీద నిలబడ్డాడు. కొట్టారు. కుడి చెవికి వినికిడి పోయింది. వేరే సామాను దొరకక సైలెన్సర్ సంగతి మళ్ళీ ఎవరూ పట్టించుకోలేదు. ఊళ్ళు తిరగబడి దొర పట్నం పారిపోయేదాకా ఆ కారు ఉరుముతూనే తిరిగింది. నాయిన మాత్రం మోటరు పని వదిలేసి, సైకిళ్ళకు పంక్చర్లు వేస్తూ బతికాడు.

గోనెపట్టాల సంగతి మేనత్తకు ఎవరు చెప్పారో తెలియదు. మరుసటి బతుకమ్మకు ఆమె నన్ను పిలవలేదు గానీ, ఎవరి చేతనో నువ్వుల సద్ది మూట పంపింది. నాయిన చిటికెడు నోట్లో వేసుకొని, మిగిలింది నా ఒడిలో పోశాడు. అక్కాతమ్ముళ్ళు ఆ తర్వాత కలుసుకున్నారు, పెళ్ళిళ్ళలో, చావుల్లో. ఆ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

వెల్డింగు పని పూర్తయ్యాక, ఇంత దూరం వచ్చాం కదా అని మనుమణ్ణి మేనత్త ఊరికి తీసుకుపొమ్మన్నాను. గుట్టను సగం దాకా తొలిచేశారు. కల్లం ఉన్నచోట ప్లాట్ల హద్దురాళ్ళు పాతారు. ఇల్లు ఎక్కడుండేదో పోల్చుకోలేక ఒక రాయి మీద కూలబడ్డాను. దారిన పోయే ఒకామె ఆగింది.

"ఎవలింటికొచ్చినవ్ అవ్వా?"

మేనత్త, మామల పేర్లు చెబితే పోల్చేవాళ్ళు ఊళ్ళో ఒక్కరైనా ఉంటారనిపించలేదు.

"ఎవలింటికి లేదు బిడ్డా. జర అలిసిన, కూసున్న" అన్నాను.