పద్దెనిమిదికి తొమ్మిది

పుట్టపర్తి జిల్లా కేంద్రమైన మరుసటి ఏడాది జూన్‌లో, మా వైపు ఒక ప్రైవేటు లా కళాశాలలో నేను ఆఫీసు సూపరింటెండెంటును. లెక్చరర్ పోస్టుకు వచ్చిన దరఖాస్తుల స్క్రూటినీ నాకు అప్పగించారు. స్క్రూటినీ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. జతచేసిన కాగితాలు నిబంధనలకు సరిపోతే నీలం సిరాతో ‘అర్హత’ అనీ, సరిపోకపోతే ఎర్ర సిరాతో ‘అనర్హత’ అనీ రాయడం. ఆ జాబితా మీద ప్రిన్సిపాల్ సంతకం పడితే అర్హులకు ఇంటర్వ్యూ పిలుపు వెళ్తుంది. అప్పటిదాకా చేసిన సర్వీసులో నా ఎర్ర సిరాను ఎవరూ కొట్టివేయలేదని నాకు కొంచెం గర్వం ఉండేది. కొంచెం అన్నది మర్యాదకు.

వచ్చిన దరఖాస్తుల్లో ఒకటి పుట్టపర్తి నుంచి నసీమా అనే అమ్మాయిది. అనంతపురంలో లా చదివి, పీజీ జర్మనీలో ఒక విశ్వవిద్యాలయంలో చేసింది. ఆ డిగ్రీ మన పీజీకి సమానమన్న ధ్రువపత్రం కూడా పెట్టింది. ఇక చూడాల్సింది మార్కులే. నిబంధన ప్రకారం పీజీలో యాభై అయిదు శాతం రావాలి. ఆమె మార్కుల కాగితం మీద పద్దెనిమిదికి తొమ్మిది అని ఉంది. దీనికి కాలిక్యులేటర్ కూడా దండగే అనుకుని ఎర్ర పెన్ను తీశాను. పోయి పోయి అంత దూరం పోయి సగం మార్కులు తెచ్చుకుందే పాపం అని జాలి కూడా పడ్డాను.

జాబితా నోటీసు బోర్డు మీద పెట్టాం. అభ్యంతరాలకు మరునాడు సాయంత్రం అయిదు దాకా గడువు. గడువు రోజు మూడు గంటలకు నసీమా వచ్చింది, వెంట వాళ్ల నాయన ఖాసిం. ఆయన దర్జీ. దుకాణం మూసి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో టేపు అలాగే ఉంది. ఆశ్రమానికి వచ్చే విదేశీయులకు తెల్లబట్టలు కుడతాడు. నసీమా జర్మన్ భాష ఆ దుకాణంలోనే, భుజం, నడుం, చెయ్యి పొడవు అన్న మాటలతో మొదలైందట. మా చుట్టుపక్కల ఆ ఏడాది ఖాళీగా ఉన్న లా లెక్చరర్ పోస్టు అదొక్కటే. అది పోతే బెంగళూరులో ఏదో కంపెనీలో కూర్చుని ఒప్పందాలు దిద్దుకోవాలి. ఆమెకేమో పాఠం చెప్పాలని ఉంది.

రూలు రూలే అని నేను మొదలుపెట్టాను. ఖాసిం మధ్యలోనే అందుకున్నాడు. “ఏమప్పా సారూ, నా బిడ్డ ఆడ పాసయితే ఈడ ఫెయిలు చేస్తావా?”

నసీమా తండ్రిని ఆపి, ఒక తెల్లకాగితం అడిగి తీసుకుంది. అక్కడ లా పరీక్ష అయిదు గంటలు రాయించారట. చట్టం పుస్తకం ఎదురుగా పెట్టుకోవచ్చు. ఒక తగాదా ఇస్తారు. మొదట ప్రశ్న రాయాలి, తర్వాత చట్టం ఏమంటుందో, ఆ తర్వాత ఈ సంగతి దానికి అతుకుతుందా లేదా అన్నది. జవాబు చివర్లో. “తీర్పు ముందే రాసినోనికి మార్కులు పోతాయి సార్,” అంది. నేను తీర్పు ముందే రాసి బోర్డుకెక్కించిన సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తకపోయినా నా చెవులు వేడెక్కాయి.

కాగితం మీద మూడు లైన్లు రాసింది. ఈ అభ్యర్థికి అర్హత ఉందా? నిబంధన అడిగేది శాతం. ఈ మార్కుల కాగితంలో ఉన్నవి పాయింట్లు, పాయింటు శాతమే అని నిబంధనలో ఎక్కడుంది? నాలుగో లైను ఖాళీగా వదిలి కాగితం నా వైపు జరిపింది. “ఆఖరి లైను మీరే రాయండి సార్.”

“తొమ్మిది సగం కాదా తల్లీ?” అన్నాను, పట్టు వదలకుండా.

ఖాసిం మెడలోని టేపు తీసి నా బల్ల మీద పరిచాడు. “ఈ పక్క చూడు సార్, ఛాతీ నలభై అంగుళాలు. ఆ పక్కకి తిప్పు, నూటొకటి సెంటీమీటర్లు ఉండాది. మనిషి లావైనాడా? ఆ కాగితం తిప్పి చూసినావా నువ్వు?”

చూడలేదు. తిప్పితే వెనక పక్క, ఇంగ్లీషులో కూడా, వాళ్ల లెక్క అచ్చేసి ఉంది. నాలుగొస్తే పాసు. తొమ్మిదొస్తే ‘పూర్తిగా సంతృప్తికరం’. సగం మార్కులకే పూర్తిగా సంతృప్తి పడే జనం భూమ్మీద ఉన్నారని నాకేం తెలుసు! పద్దెనిమిది వచ్చినవాళ్లను తాను కంటితో చూడలేదని నసీమా చెప్పింది. నాకు నిజంగా సిగ్గేసింది.

ఆఫీసు పద్ధతిలో తప్పును రుద్ది చెరపకూడదు. పాతది చదవడానికి వీలుగా ఒక్క గీతతో కొట్టి, కారణం రాసి, తేదీతో సంతకం చేయాలి. ‘వెనుక పుట చూడనందున’ అని కారణం రాశాను. నాలుగో లైనులో ‘పాయింటు శాతం కాదు, వెనుక పుట లెక్క ప్రకారం అర్హత ఉంది’ అని నింపి ఫైలు తీసుకెళ్తే, ప్రిన్సిపాల్ కళ్లద్దాల మీదుగా నన్నొకసారి, ఆ కారణాన్ని రెండుసార్లు చూసి సంతకం పెట్టారు. అప్పటికి అయిదు కావడానికి పది నిమిషాలుంది. ఇంటర్వ్యూలో ఆమెకే పోస్టు వచ్చింది.

మొదటి ఇంటర్నల్ పరీక్షలో నసీమా మేడం వేసిన అత్యధిక మార్కు ఇరవైకి పదకొండు. పిల్లలు లబోదిబోమంటూ పేపర్లు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. తిప్పి చూశారా అని అడిగాను. ఎవరూ చూడలేదు. ఒక్కో పేపరు వెనకా, మార్కు ఎక్కడ ఎందుకు పోయిందో ఆమె అరపేజీ రాసింది.

నేను నేర్చుకున్నది ఇంతే. కాగితానికి రెండు పక్కలుంటాయి, తీర్పు ఆఖరి లైనులో రాయాలి. ఆ తర్వాత మిగిలిన రెండేళ్ల సర్వీసులో నా ఎర్ర పెన్నుకు రీఫిల్లు మార్చాల్సిన పని పడలేదు.