నాలుగు బకెట్ల వేడినీళ్లు

ప్రమాదాన్ని నేను మొదటిసారి పసిగట్టింది, మా పోస్ట్‌మ్యాన్ కాళ్లు కదపకుండా వంటింటి కిటికీ ముందు నుంచి వెళ్లిపోయినప్పుడు. ఆయన నడవలేదు, పరుగెత్తలేదు. విమానాశ్రయంలో బెల్టు మీద సూట్‌కేసులా నిటారుగా, చేతిలో ఉత్తరాలతో సాగిపోయాడు. దాటిపోతూ నన్ను చూసి "మార్నింగ్" అన్నాడు కూడా. తర్వాత గేటు ధడేల్‌మంది. ఆయన దాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు.

ఆయన తప్పేమీ లేదు. ఆ దారిని ముందురోజు సాయంత్రం అద్దంలా తయారుచేసింది నేనే. ఇది చదివాక నా మీద మీకున్న గౌరవం తగ్గితే ఏమీ అనుకోను. మా ఆయనకు ఎప్పుడో తగ్గింది.

అది లాక్‌డౌన్ నడుస్తున్న ఫిబ్రవరి, ఐర్లండ్‌లో. మెయ్‌నూత్‌లో మా గుమ్మానికీ పక్కింటి మారీన్ గుమ్మానికీ కలిపి గేటు దాకా ఒకటే సిమెంటు బాట. మారీన్‌కు ఎనభై ఆరేళ్లు. ఒక తుంటి ఎముక మార్చారు. పదకొండు నెలలుగా ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. ఆ పదకొండు నెలలూ నేను కడుగుతూ గడిపాను. బిస్కెట్ ప్యాకెట్లు కడిగాను, అరటిపళ్లు కడిగాను, ఒకసారి కరెంటు బిల్లు కూడా కడిగాను. సరుకుల సంచి గుమ్మంలో పెట్టి ఎవరు వెళ్లినా వెనకాలే బకెట్టుతో బయల్దేరేదాన్ని. ఇద్దరు చిన్నపిల్లల తల్లిని. భయపడటమే నా ఉద్యోగం. అందులో సెలవులు కూడా లేవు.

ఆ వారం మంచు పడుతుందన్నారు. కంచెకు ఇటు నేను, అటు మారీన్, మధ్యలో రెండు మీటర్ల దూరం.

"మంచు గురించి బెంగపడకు. అది గ్రాండ్," అంది మారీన్, ఇక్కడి వాళ్ల మాటలో ఫర్వాలేదని. "మంచు కురిసే చలికాలం వేరు, కొరికే చలికాలం వేరు. నా చిన్నప్పుడు తలుపు తెరవలేనంత మంచు పడిన ఏడు మా వీధిలో ఒక్క ఎముకా విరగలేదు. ఇంకో ఏడు మంచన్నదే లేదు, రోజూ నీలాకాశమే. వీధిలో సగం మందికి కట్లు."

నేను శ్రద్ధగా తలూపాను. అర్థమైందని కాదు, పెద్దావిడ కదా అని. గుంటూరులో నాకు తెలిసిన చలికాలాలు రెండే: ఫ్యాను మూడు మీద తిరిగేది, ఒకటి మీద తిరిగేది. మంచంటే ప్రమాదం, ఎండంటే క్షేమం. ఇందులో మళ్లీ రకాలేమిటి?

మంచు వేలెడు మందాన పడింది. పిల్లలు తొక్కి తొక్కి బాటంతా బురద చేశారు. సాయంత్రానికి ఆకాశం తేటపడింది. హమ్మయ్య, గండం గడిచిందనుకున్నాను. ఇక బాట మీద ఆ మురికి, ఆ సూక్ష్మక్రిములు చూస్తూ ఊరుకోగలనా? నీళ్లు మరగబెట్టి, ఫినాయిలు కలిపి, నాలుగు బకెట్లు పోసి గేటు దాకా చీపురుతో కడిగాను. గుమ్మం లైటు వెలుగులో బాట తళతళలాడుతుంటే మా అమ్మకు ఫోటో కూడా పంపాను.

పొద్దున్నకు అది ఇంకా తళతళలాడుతోంది. మబ్బులేని రాత్రి చలికి నా నాలుగు బకెట్లూ గడ్డకట్టాయి.

పోస్ట్‌మ్యాన్ గేటు వదలకముందే ఫోను మోగింది. మారీన్.

"బాట చూశావా? పదకొండింటికి మన జీపీ డాక్టరు దగ్గర నాకు టీకా వేస్తారు. ఇంకో ఇరవై నిమిషాల్లో టాక్సీ వస్తుంది."

"ఇంకో రోజు వెళ్లకూడదా?"

"నాకోసం మందు దాచిపెడతారా? ఇంకొకరికి వేసేస్తారు. మళ్లీ ఎప్పుడో ఏమో. ఈ టీకా కోసం ఇన్ని నెలలు ఇంట్లో కూర్చున్నాను."

ఆవకాయకని దాచిన రెండు కిలోల కల్లుప్పు తెచ్చి చల్లాను. ఉప్పు తీరిగ్గా పని మొదలుపెట్టింది.

"కిరణ్, ఒకసారి రా."

"మీటింగ్‌లో ఉన్నా."

"మారీన్ టీకా పోయేట్టుంది, రావయ్యా."

మా ఆయన చెవులకు హెడ్‌సెట్‌తోనే వచ్చి, "ఇదెంతసేపు, నేను చూస్తాగా," అంటూ మొదటి అడుగు వేశాడు. రెండో అడుగు అవసరం పడలేదు. కూర్చున్న భంగిమలో గేటు దాకా వెళ్లిపోయాడు.

"దెబ్బ తగిలిందా?"

"తగల్లేదు గానీ," అన్నాడు కిందినుంచే, "నేను మ్యూట్‌లో లేను."

మారీన్ తన గుమ్మంలోంచి సేనాపతిలా ఆజ్ఞలిచ్చింది. "బూట్ల మీద పాత మేజోళ్లు తొడుక్కోండి. పట్టు దొరుకుతుంది. నాకూ ఒక జత విసరండి." తర్వాత గుమ్మం పట్టాలు, స్నానాలగది పట్టా పరిచాం. మొదటి లాక్‌డౌన్‌లో ఎంతో ఉత్సాహంగా కొన్న యోగా మ్యాట్‌కు అదే మొదటి ఉపయోగం. మారీన్ దాటిన పట్టాను కిరణ్ మోకాళ్ల మీద పాకుతూ తెచ్చి ఆవిడ ముందు పరవాలి. బాగానే ఉంది. కానీ ఆవిడను ఎవరో ఒకరు పట్టుకోవాలి.

పదకొండు నెలలుగా రెండు మీటర్లు దాటి ఎవరినీ దగ్గరికి రానివ్వనిదాన్ని. నా పిల్లలకేమవుతుందో, ఆవిడకేమవుతుందో. రెండు మాస్కులు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చెయ్యి చాచాను. ఆవిడ నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"వణుకుతున్నావు," అంది.

"చలి."

"నేనూ చలికే," అంది, కొత్త పట్టా పరిచినా కాసేపు కదలకుండా. "మనిషి చెయ్యి ఎంత వెచ్చగా ఉంటుందో మర్చిపోయాను."

పెళ్లికూతుర్ని పీటల మీదికి తెచ్చినంత మెల్లిగా గేటు దాకా తెచ్చాం.

"పైపు పగిలిందా ఏంటి?" అన్నాడు టాక్సీ ఆయన, బాట చూసి.

"అలాగే ఉందండీ," అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో.

గుమ్మంలోంచి మా పెద్దది ఆద్య, ఏడేళ్లది, అచ్చమైన మా కిల్డేర్ జిల్లా యాసలో అరిచింది: "నో, మై మమ్ వాష్డ్ ఇట్. ఫోర్ బకెట్స్."

భూమి చీలితే బాగుండుననిపించింది. అది గడ్డకట్టి ఉంది కాబట్టి ఆ ఆశా లేదు.

"నాకు తెలుసు," అంది మారీన్, టాక్సీలో సర్దుకుంటూ. "సాయంత్రం కిటికీలోంచి చూశాను."

"మరి ఆపలేదేం?"

"ఎంత భక్తితో పోస్తున్నావో. మీ పండగేదో అనుకున్నాను. మధ్యలో ఆపడం మర్యాద కాదు కదా?"

టాక్సీ కదిలింది. పదకొండున్నరకు ఆవిడ తిరిగొచ్చేసరికి ఉప్పు తన పని పూర్తిచేసింది. కోటు చేతి మీద టీకా పడిన చోట తట్టి, బొటనవేలు ఎత్తి చూపించి లోపలికి వెళ్లింది.

మర్నాడు పొద్దున పిల్లలిద్దరినీ గుమ్మంలో నిలబెట్టి, కుడిచెయ్యి చాచి చెప్పాను: "మంచు పడితే ఎంతసేపైనా ఆడుకోండి. మంచు పోయి, ఆకాశం నీలంగా నవ్వుతుంటే మాత్రం గడప దాటొద్దు. ఏప్రిల్ వచ్చేదాకా మీ అమ్మ బకెట్టు ముట్టుకోదు, ఇది ప్రమాణం. మారీన్ అడిగితే, పండగ అయిపోయిందని చెప్పండి."