స్పీకర్ల నడుమ పొడి నేల

ఎవరో వాడి అమ్మేసిన పెద్ద స్పీకర్లు కొని తెచ్చుకున్నాను. వాటి నల్లగుడ్డ దుమ్ము వాసనకు, చిన్నప్పుడు వర్తూరులో అమ్మ పనిచేసిన ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంటాయన, చనిపోయిన తన భార్య పాడిన పాట పెట్టుకునేవాడు. నిలువెత్తు స్పీకర్లు రెండున్నా, గొంతు వాటి నడుమ ఖాళీ నేల మీంచి వచ్చేది. పాడబోయే ముందు ఆమె ఊపిరి పీల్చడమూ వినబడేది.

నేను అటు పరుగెత్తబోతే అమ్మ ఆపింది. “ఆయమ్మ ఆడ కూర్చోనుండాది. మనిషిని దాటకూడదు పాపా, చుట్టూ తిరుక్కోని రా.”

అమ్మ తుడిచిన తడి నేలలో ఆ చోటొక్కటే పొడిగా మిగిలేది. ఆ పాడే ఆవిడ అక్కడే ఉందని నమ్మాను.

రెండు స్పీకర్లూ సమంగా మోగితే గొంతు మధ్యలోంచి వస్తున్నట్టు వినిపిస్తుందని పెద్దయ్యాక తెలిసింది.

అమ్మ పోయింది. ఆమె గొంతు మేమెవరమూ రికార్డు చెయ్యలేదు. అయినా ఈ ఉదయం ఇల్లు తుడుస్తూ, స్పీకర్ల నడుమ కాస్త చోటు పొడిగా వదిలేశాను.