నాగమ్మ పెద్దమ్మ పడుగు మీద నా స్పానిష్

కొత్త గద్వాల చీర మడత విప్పగానే గంజి వాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలితే చాలు, హైదరాబాదు కార్యాలయంలో కూర్చుని ఉన్నా నా బొటనవేలూ చూపుడువేలూ కలుసుకుని, లేని దారాన్ని మెలిపెడతాయి. అది నాగమ్మ పెద్దమ్మ నేర్పిన అలవాటు.

ఆమె గద్వాలలో మా పక్కింట్లో చీరలు నేసేది. మా ఇంట్లో పట్టభద్రురాలైన మొదటి మనిషిని నేను. అప్పట్లో స్పానిష్‌లో మాట్లాడే ఉద్యోగం కోసం ఫోనులో పాఠాలు వింటూ మౌఖిక పరీక్షకు సిద్ధమవుతుండేదాన్ని. విశేషణాలూ వాటి వ్యతిరేకపదాలూ కంఠస్థమే. కానీ ఆ భాషలో దారం పురుషుడు, పట్టు స్త్రీ. వర్ణించే మాట అందుకు తగినట్టు మారాలి. అక్కడ తప్పితే, ఎవరూ గమనించరన్న ఆశతో ముందుకు పరుగెత్తేదాన్ని. మొదటిసారి అలాగే ఓడిపోయాను. మిగిలింది ఒక్క అవకాశం.

ఒక రోజు పెద్దమ్మ మగ్గం దగ్గర పాత పడుగు నిలువు పోగుల కొసలకు కొత్త పోగులను అతుకుతోంది. బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్క పోగూ మెలిపెట్టాలి. నూలుకు నూలు, పట్టుకు పట్టు.

"ఏందే పిల్లా, గొణుగుతున్నవ్? గిట్ల కూసో. పోగుకో మాట చెప్పు," అంది.

"పొడుగు దారం, ఈలో లార్గో."

"దానికి ఎదురు?"

"పొట్టి దారం, ఈలో కోర్తో."

"మరి పొడుగు పట్టు?"

"సేదా లార్గో..." అనేసి, వెంటనే తరువాతి మాట అందుకోబోయాను.

"ఆగు! నీ బాస నాకు తెల్వదు గని, నీ మొకం తెల్వదా? తప్పినవ్." అంతలో తన చేతిలోని పోగు చూసుకుని పకపకా నవ్వింది. "జూడు, మాటల్ల పడి నేను గూడ పట్టుకు నూలు అతికిన. ఇట్లనే ఇడిస్తే చీర పొడుగూత గట్లనే వస్తది. తెంపి మల్ల అతుకుత. సిగ్గెందుకు?"

"సేదా లార్గా," అన్నాను.

"గిప్పుడు అతికింది."

పడుగు పూర్తయ్యేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను. మెత్తన, గరుకు, సన్నం, లావు, కొత్త, పాత... పోగుల వెంట మాటలు ఉరకలేశాయి.

వీడియో కాల్‌లో జరిగిన పరీక్షలో ఇంట్లోని వస్తువునొకదాన్ని వర్ణించమన్నారు. అమ్మ చీర ఎత్తి చూపించాను. ఉత్సాహంగా సాగుతుండగా అంచు దగ్గర మాట తప్పింది. ఆగాను. బల్ల కింద వేళ్లు కలిశాయి. క్షమించమని అడిగి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి సరిగా చెప్పాను.

పరీక్షకురాలు నవ్వింది. "పోయినసారి మీరు ఆగలేదు," అంది.

ఉద్యోగం వచ్చిందని తెలియగానే పక్కింటికి పరుగెత్తాను. పెద్దమ్మ గుప్పెడు చక్కెర నా నోట్లో పోసింది.

"తీపిని ఏమంటరే?"

"దుల్సే!"

"దానికి ఎదురు?"

"ఆమార్..."

"వద్దు తియ్! గది ఇయ్యాల అనకు."

ఇప్పుడు రోజంతా స్పానిష్‌లోనే మాట్లాడుతుంటాను. మాట తప్పినప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. సహోద్యోగులు నన్ను నిదానం మనిషి అంటారు. ఆ క్షణంలో నేనొక పోగు తెంపి, మళ్లీ అతుకుతున్నానని వారికి తెలియదు.